కర్త లేని వాక్యాలు

మా అవ్వ ఊరు ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య, తారు రోడ్డు దిగి ఐదారు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ పక్క ఊళ్ళు చాలావరకు ఒకేలా ఉంటాయి. పడమట వెలిగొండలు, ఊరి చుట్టూ నిమ్మతోటలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే చెరువు, చెరువుకట్ట దిగువన గిరిజన కాలనీ. గిరిజన కాలనీ అనేది కాగితాల్లో మాట. ఊళ్ళో అందరూ యానాదోళ్ళ ఇళ్ళు అంటారు.

1996 ఎండాకాలం సెలవుల్లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా తోటలో బోరు మోటారు తీగ పోయింది. తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట: "యానాదోళ్ళే ఎత్తకపోయినారు." ఎవరూ చూడలేదు. చూసి ఉండాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మధ్యాహ్నానికి కాలనీలో మగవాళ్ళందరినీ జీపులో తీసుకుపోయారు. మా తోటకు కాపలా ఉండే అతనూ అందులో ఉన్నాడు. మూడో రోజు వదిలిపెట్టారు. ఆ సాయంత్రం అతని భార్య మా ఇంటి పెరటి వైపు వచ్చి నిలబడింది. ముందు వాకిట్లోకి వాళ్ళు రారు, రాకూడదు. అవ్వతో ఆమె అన్న మాట ఇది:

"ఎవురు కొట్టినారో నాకు తెలుసమ్మా. కిటికీలో నుంచి సూసినా. ముగ్గురు. ఒకడు ఎడంచేతి వాటమోడు. ఒకడు పోయిన తిరనాళ్ళకి మనూరికి బందోబస్తుకి వచ్చినోడే. వరసలో నిలబెట్టండి, ఏలు పెట్టి సూపిస్తా."

అవ్వ ఆమెకు నొప్పులకు రాయమని ఇంత ఆముదం, కొంగులో ఇన్ని బియ్యం పోసి పంపించింది. రాత్రి అన్నాల దగ్గర మామ అడిగితే, "పాపం, వాడికి దెబ్బలు తగిలినాయంట" అంది.

మా అవ్వ దయగల మనిషి. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ పెరట్లోంచి ఈ వంటింట్లోకి వచ్చేలోపు ముగ్గురు మనుషులు వాక్యంలోంచి మాయమైపోయారు. ఎడంచేతి వాటం, తిరనాళ్ళ బందోబస్తు, కిటికీ, అన్నీ పోయాయి. కళ్ళతో చూసిన సాక్ష్యం చివరన 'అంట' చేరి గాలివార్త అయింది. కొన్నాళ్ళకు తీగ మా బంధువులలోనే ఒకరింట్లో బయటపడింది. అప్పుడు మా ఇంట్లో వాడిన వాక్యం "తీగ దొరికింది." ఎవరు తీశారన్నది ఎవరూ అనలేదు.

ఇప్పుడు డిగ్రీ పిల్లలకు వ్యాకరణం చెప్పి బతుకుతున్నదాన్ని కాబట్టి ఈ వాక్యాలను అలాగే పట్టుకుని కూర్చున్నాను. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదు, రాముడిచేత రావణుడు చంపబడెను అని ఎవరూ మాట్లాడరు అని క్లాసులో చెబుతుంటాం. నిజమే. అయితే కర్తను దాచడానికి మనకు ఆ 'బడు' అక్కర్లేదు. తగిలింది, జరిగింది, పోయింది, దొరికింది, గురైంది... ఇవి చాలు. ఇంకో విచిత్రం, ఈ దాచిపెట్టడం అందరికీ ఒకేలా అందదు. యానాది ఎప్పుడూ కర్తే. దర్యాప్తు మొదలు కాకముందే, కొన్నిసార్లు నేరం జరక్కముందే కర్త. 1871లో మొదలై, 1911 నుంచి మద్రాసు రాజధానికీ వర్తించిన నేరస్థ తెగల చట్టం చేసిన పని అదే. పుట్టుకనే క్రియగా రాసింది. నెల్లూరు జిల్లాలో యానాదులలోనూ కొందరి మీద ఆ ముద్ర పడింది. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు దాన్ని తీయించడానికి ఏళ్ళ తరబడి పోరాడారు. రిజిస్టరులో పేరున్నవాళ్ళు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. కావలిలో ఒక సెటిల్‌మెంటే ఉండేది. చట్టం 1952లో రద్దయింది. 1996లో మా ఊరికి ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఇదంతా వాకపల్లి గురించి రాయడానికి కూర్చుని రాశాను. ఉదయగిరి నుంచి వాకపల్లికి రాష్ట్రంలో ఈ కొస నుంచి ఆ కొస. నాకు మాత్రం ఈ దారిలో తప్ప అక్కడికి వెళ్ళడం చేతకాలేదు.

అప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. జి.మాడుగుల మండలంలో కోందు ఆదివాసుల పల్లె వాకపల్లి. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున గ్రేహౌండ్స్ దళం ఒకటి ఊళ్ళోకి వచ్చింది. తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది స్త్రీలు పాడేరు దాకా వచ్చి ఫిర్యాదు చేశారు. దళంలో ఉన్నది 21 మంది. గ్రేహౌండ్స్ కేంద్ర పారామిలటరీ కాదు. నక్సలైట్లను వేటాడడానికి 1989లో మన రాష్ట్ర పోలీసుల్లోంచే తయారు చేసిన కమాండో దళం. ఆదివాసీ పల్లెకు ఆ తేడా ఎంత తెలుస్తుందో చెప్పలేను. అది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం లెక్కన ఊరి వ్యవహారాలు గ్రామసభవి. కాగితం మీద అది స్వపరిపాలన ఉన్న నేల. (మా నెల్లూరులో యానాదులకు ఆ కాగితం కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో అయిదు లక్షలకు పైబడి ఉన్న తెగ అది. ఈ జిల్లాలో షెడ్యూలు ప్రాంతమంటూ సెంటు భూమి లేదు.)

ఆ స్త్రీలు చెప్పిన వాక్యంలో కర్త ఉన్నాడు. 'పోలీసులు మమ్మల్ని చెరిచారు' అని చెప్పారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి జరిగింది ఆ వాక్యాన్ని దిద్దడమే అనిపిస్తుంది నాకు. మొదటి దిద్దుబాటు ప్రభుత్వానిది. ఇది మావోయిస్టులు చెప్పించిన మాట అన్నారు. తెలుగులో ప్రేరణార్థకం ఎంత పని చేస్తుందో చూడండి. 'చెప్పారు' మధ్యలో చిన్న 'ఇంచు' చేరిస్తే చాలు, పదకొండు నోళ్ళు మరొకరి నోరైపోతాయి. అత్యాచారానికే కాదు, సొంత ఫిర్యాదుకు కూడా వాళ్ళు కర్తలు కారు. రెండో దిద్దుబాటు పత్రికలది: 'అత్యాచారానికి గురైన వాకపల్లి గిరిజన మహిళలు.' ఎండ దెబ్బకు గురైనట్టు, విద్యుదాఘాతానికి గురైనట్టు.

మూడోది మనది. ఇక్కడ నా సంగతే చెప్పాలి. అప్పుడు నాకు 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతున్నాను. వాకపల్లి మీద ఒక కవిత రాశాను. ఒక చిన్న పత్రికలో వచ్చింది, నలుగురు మెచ్చుకున్నారు. ఈ వ్యాసం కోసం వెతికి తీసి చదువుకున్నాను. అందులో అడవితల్లి ఉంది, నెత్తురు పూలున్నాయి, చితికిన వెన్నెల ఉంది, పదకొండుమంది ద్రౌపదులున్నారు. ఒక్క పోలీసు లేడు. 'రాక్షస హస్తాలు' అని ఒకచోట ఉంది. హస్తాలంటే చేతులు, మనుషులు కారు. నేను కావాలని తప్పించలేదు. ఆ రోజుల్లో మనం నేర్చుకున్న కవితా భాషకు ఆ సౌకర్యం ఉంది. ఆవేశం ఎంత ఎక్కువైతే ప్రతీకలు అంత దట్టంగా పడతాయి. ఆ చాటున మనిషి తప్పించుకుంటాడు. నా కవితకూ మా అవ్వ వాక్యానికీ తేడా అలంకారాల్లోనే ఉంది.

'ద్రౌపది' అన్న పోలిక ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలుసు. మహాశ్వేతాదేవి 1978లో రాసిన కథ. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1981లో ఇంగ్లీషు చేశాక ప్రపంచంలో స్త్రీవాదులందరి దగ్గరికీ చేరింది. సంతాల్ తెగ దోప్ది మేఝెన్ సాయుధ బలగాలకు పట్టుబడుతుంది. సేనానాయక్ అనే అధికారి ఆజ్ఞ ఇచ్చి వెళ్ళిపోతాడు, రాత్రంతా బలగాల పని. తెల్లారాక ఆమె బట్ట కట్టుకోవడానికి నిరాకరించి అతని ఎదుటకు వస్తుంది. ఆ కథను మనం ఎక్కువగా దోప్ది ధిక్కారంగానే చదివాం. నాకిప్పుడు సేనానాయకే ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తున్నాడు. అతను చదువుకున్నవాడు, సాహిత్యం తెలిసినవాడు, శత్రువును లోపలినుంచి అర్థం చేసుకోగలనని నమ్మేవాడు. ఒక రకంగా మనలాంటి వాడు. అతని చేతికి నెత్తురు అంటదు. ఎవరు చేశారు అంటే చీకట్లో ముఖాలు లేని మగవాళ్ళు. దోప్ది చివర్న నడిచి వెళ్ళేది ఆ ముఖాలు లేనివాళ్ళ దగ్గరకు కాదు, ఆజ్ఞ ఇచ్చినవాడి దగ్గరకు. కర్త ఎవరో ఆమెకు తెలుసు.

ఆ కథను మణిపూర్‌లో కన్హైలాల్ నాటకం చేశాడు. 2000లో సావిత్రి దోప్దిగా వేదిక మీద నిలబడింది. 2004 జులైలో అస్సాం రైఫిల్స్ వాళ్ళు పట్టుకుపోయిన తంగ్జం మనోరమ శవమై దొరికాక, 12 మంది తల్లులు ఇంఫాల్ కంగ్లా కోట ముందు బట్టలు విప్పి నిలబడ్డారు. నాటకాన్ని నిజం అనుకరించిందని అప్పట్లో చాలామంది రాశారు. ఆ మాట నాకు నచ్చదు, ఆ తల్లులకు నాటకం అప్పివ్వాల్సిన అవసరం లేదు. పదేళ్ళ తర్వాత, 2014లో, మనోరమ కుటుంబానికి పది లక్షలు పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయం 'ద్రౌపది'ని ఇంగ్లీషు పాఠ్యప్రణాళికలోంచి తీసేసింది.

కానీ వాకపల్లి స్త్రీలను ద్రౌపది అనడం సరైన పోలిక కాదని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. దోప్దికి కోర్టు లేదు. ఆమె కథ ఒక రాత్రి, ఒక ఉదయం. ఆ ఉదయంతో కథ ఆగిపోతుంది, అందుకే అంత శక్తి. వాకపల్లి వాళ్ళు ఆగలేదు. రాజ్యం రాసుకున్న చట్టం దగ్గరికే పోయి, దాని భాషలోనే తమ మాట నమోదు చేయమని అడిగారు. వాళ్ళ ఇంటి భాష కువి. అది మనకు తెలుగులో వినిపించింది, కోర్టుల కాగితాల్లో ఇంగ్లీషుగా మారింది. సీఐడీ కేసు మూసేయమంది. వాళ్ళు ఒప్పుకోలేదు. 13 మంది మీద విచారణ జరగాల్సిందేనని 2012లో హైకోర్టు చెప్పింది. కేసు కొట్టేయడానికి 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిరాకరించి, ఆరు నెలల్లో విచారణ ముగించమంది. 2018లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో విచారణ మొదలైంది. తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. ఈ తేదీల మధ్య ఏముందో రాసిన తెలుగు కథ నేను చదవలేదు. వాయిదా రోజు పొద్దున్నే బస్సు కోసం నిలబడడం, పోయిన కూలి, కోర్టు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాక మళ్ళీ తారీకు అన్న మాట, తిరిగి అదే బస్సు. ధిక్కారానికి మనదగ్గర భాష పుష్కలంగా ఉంది, వాయిదాలకు లేదు. రావిశాస్త్రి ఆరు సారా కథల తర్వాత కోర్టు వరండా మన కథలోకి అంత సజీవంగా రాలేదేమో. యానాదుల బతుకును నవలకు ఎక్కించిన కేశవరెడ్డి 'చివరి గుడిసె' ఉంది, దొంగ అన్న ముద్ర మనిషిని ఎలా తినేస్తుందో అందులో ఉంది. ఆ ముద్ర వేసిన చేతిని కోర్టుకు లాగిన ఆడమనిషి కథ ఇంకా రావాలి.

తీర్పుకొద్దాం. 13 మందీ నిర్దోషులని కోర్టు చెప్పింది. చట్టం ముందు వాళ్ళు నిర్దోషులే, నేనిక్కడ ఎవరి మీదా తిరిగి తీర్పు రాయడం లేదు. కానీ అదే తీర్పు ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పింది. దర్యాప్తు సరిగా చేయలేదని, గుర్తింపు పరేడ్ జరపలేదని దర్యాప్తు అధికారిని తప్పుపట్టింది. పక్కపక్కన పెట్టి చదివితే ఏం తేలుతుంది? స్త్రీలకు నష్టం జరిగింది, పరిహారం ఇవ్వాలి. చేసినవాళ్ళు మాత్రం దొరకలేదు, ఎందుకంటే వాళ్ళను వరసలో నిలబెట్టి చూపించమని ఈ స్త్రీలను ఎవరూ అడగలేదు. క్రియ రుజువైనట్టే ఉంది, కర్మకు డబ్బు వస్తుంది, కర్త స్థానం ఖాళీ. ఇది చదివినప్పుడు నాకు మా వంటింట్లో అన్నాల దగ్గర కూర్చున్నట్టే అనిపించింది.

మనం తీర్పులను సాహిత్య పాఠాలుగా చదవం. లాయర్ల పని అనుకుంటాం. కానీ మన స్త్రీల ఉద్యమంలో గొప్ప విమర్శ వ్యాసాలలో ఒకటి ఒక తీర్పు మీద రాసిందే. 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ అమ్మాయిపై పోలీసు స్టేషనులోనే అత్యాచారం చేశారన్న కేసులో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగడం వేరు, సమ్మతించడం వేరు అని ఒక్కో మాటనూ పట్టుకుని చదివి చూపించిన లేఖ అది. 1983లో చట్టం మారడానికి అదొక మొదలు. మన హైదరాబాదులో 1978 నాటి రమీజాబీ కేసులో విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది, తర్వాత రాయచూరు కోర్టులో వాళ్ళు విడుదలయ్యారు. అంటే వాకపల్లి తీర్పుకు మన దగ్గరే ముందు వాచకాలున్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల మాటను వాళ్ళ మాటగానే వినడం నేర్పింది. మనం ఆ చెవిని తెచ్చుకున్నాం, మథుర లేఖలోని కంటిని తెచ్చుకోలేదు. బాధితుల గొంతు వినిపించాలి అని మనం తరచూ అంటాం. వాకపల్లి స్త్రీల గొంతు మొదటిరోజే వినిపించింది. వినపడనిది అవతలివాళ్ళ పేర్లు. ఇక్కడ చట్టం పెట్టిన మెలిక కూడా ఒకటుంది. అత్యాచార బాధితుల పేర్లు బయటపెట్టకూడదు, అది సరైనదే, నేనూ పెట్టను. అందుకని పదకొండు మందికీ కలిపి ఊరి పేరు పెట్టాం. అవతల 21 మందికీ కలిపి ఒక వేటకుక్కల జాతి పేరు ఉండనే ఉంది.

ఒక్క మాట మా అడవుల గురించి. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. ఇంకొంచెం దక్షిణంగా శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. వాళ్ళలో కొండ ప్రాంతాల మలయాళి తెగవాళ్ళు ఉన్నారు. 'ఎదురుకాల్పులు' అని రాశారు. తెలుగులో ఇంత చాకచక్యమైన సమాసం మరొకటి లేదు. చనిపోయినవాళ్ళను కూడా కాల్చినవాళ్ళుగా చేసేస్తుంది.

తీర్పు వచ్చిన కొన్ని నెలలకు మా రెండో సంవత్సరం క్లాసులో కర్త, కర్మ, క్రియ చెబుతూ ఆ వార్త కత్తిరింపు తీసుకెళ్ళాను. వాక్యాలను విడదీసి, ఏ వాక్యంలో కర్త ఉన్నాడు, ఏ వాక్యంలో లేడు గుర్తుపట్టమన్నాను. నిజం చెప్పాలంటే నాకు నా పాఠం మీద కాస్త మురిపెం కూడా కలిగింది. వెనక బెంచీలో ఒక అమ్మాయి. వాళ్ళ కాలనీ నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి పిల్ల, యానాది. సాధారణంగా నోరు విప్పదు. గుర్తింపు పరేడ్ అంటే ఏమిటని అడిగింది. నిందితులను మరికొందరితో కలిపి వరసలో నిలబెట్టి, బాధితులను గుర్తుపట్టమంటారు అని చెప్పాను.

"పోలీసోళ్ళని నిలబెట్టలేదా మేడం?"

"లేదు."

"మా నాయన్ని నాలుగు సార్లు నిలబెట్టినారు."

క్లాసులో ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. నేను పాఠం కొనసాగించలేదు, హాజరు తీసుకున్నాను. హాజరు పట్టీలో పేర్లు పిలుస్తుంటే రాఘవయ్యగారి కాలం నాటి ఆ రిజిస్టరు గుర్తొచ్చి రెండు పేర్లు తప్పిపోయాను.

గంట కొట్టాక ఆమె నా దగ్గరికి వచ్చి కత్తిరింపు ఒక రాత్రికి ఇవ్వమంది. వాళ్ళ నాన్నకు చదవడం రాదు, తను చదివి వినిపిస్తుందట. మర్నాడు నోటుపుస్తకంలో మడవకుండా పెట్టి తెచ్చి ఇచ్చింది. ఏమన్నాడమ్మా మీ నాన్న అని అడిగాను.

"ఏమనలేదు మేడం. ఆ ఆడోళ్ళు కోర్టుకి ఎంత దూరం తిరిగినారు అని అడిగినాడు."

వాకపల్లి నుంచి పాడేరుకు, పాడేరు నుంచి ఘాటు దిగి విశాఖపట్నానికి అని చెప్పాను. పదిహేనేళ్ళ ఎనిమిది నెలలు అని కూడా చెప్పాను. ఆమె ఆ రెండూ నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది.